వై యువాన్ శిష్యుడి పులిహోర

మాట్లాడ్డానికి మనిషి దొరికితే చాలు, ఎండల సంగతితో మొదలుపెట్టినా వామన్‌రావు చివరికి వై యువాన్ దగ్గరే తేలేవాడు. రిటైరయ్యాక అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కాలక్షేపం చేస్తుంటే ఏదో పుస్తకంలో తగిలాడు ఆ చైనా పెద్దమనిషి. చక్రవర్తి కొలువులో అధికారి. యాభై దాటాక గానీ పెద్ద పరీక్ష గట్టెక్కలేదు, పాపం. నల్లమందు యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల ఓడల ముందు చైనా చిత్తుగా ఓడిపోయింది. తక్కిన పండితులు మనకు తెలియనిదేముందని గడ్డాలు నిమురుకుంటుంటే, ఈయన మాత్రం 'వాళ్లకేదో తెలుసు, అదేదో మనమూ నేర్చుకుందాం' అంటూ ఇంత లావు పుస్తకం రాశాడు. సొంతవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. జపానువాళ్లు కళ్లకద్దుకుని చదివారు.

"పక్కోళ్ల దగ్గర నేర్చుకునెటోడే మొనగాడు" అని కథ ముగించేవాడు వామన్‌రావు. పాలవాడికి చెప్పాడు, ఆటోవాడికి చెప్పాడు. భార్య కోమలవల్లికి ఎన్నిసార్లు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ వంకాయలు తరుగుతూ ఊఁ కొట్టేది.

అలాంటివాడికి సొంత పొయ్యి మీదే యుద్ధం వచ్చిపడింది.

చాంద్రాయణగుట్టలో వాళ్ల వీధి గుడి ఉంది. ఏటా సీతారాముల కల్యాణానికి అక్కడ పులిహోర వండేది వామన్‌రావు వంశమే. తాత వండాడు, తండ్రి వండాడు, ఇప్పుడు ఆయన. తాతల కాలంలో వచ్చేది గుప్పెడుమంది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, కల్యాణం నాడు గుడి ముందు ఇసకేస్తే రాలదు. అంతమందికీ ఒకటే గుండిగలో బియ్యం పోస్తే అడుగు మాడింది, నడుమ ముద్దయింది, పైన పలుకై కూర్చుంది. ముందటేడూ అంతే, నిరుడూ అంతే.

ఈసారి పండగకు ముందే కమిటీ ప్రెసిడెంటు వైకుంఠం ఇంటికొచ్చాడు. చాయ్ తాగేదాకా ఆగి అసలు సంగతి బయటపెట్టాడు.

"పంతులూ, మనసుల పెట్టుకోకు. ఈసారి గూడ గట్లనే అయితే, వచ్చే ఏడు క్యాటరింగోళ్లకు ఇస్తం. కమిటీల అందరిదీ అదే మాట."

వామన్‌రావు గుండెల్లో రాయి పడింది. ఆఫీసు కుర్చీ ఎప్పుడో పోయింది. ఈ వీధిలో నలుగురూ ఆయన్ని పిలిచి పలకరిస్తున్నారంటే ఆ గరిటె పుణ్యమే. తాత పట్టిన గరిటె తన చేతిలోంచి జారిపోతుందా అని ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

"మన పక్క బస్తీ బార్కస్‌ల పెండ్లి వంటల అవద్ భాయ్ ఉన్నడు గదా" అంది కోమలవల్లి. "ఎంత పెద్ద పెండ్లికి వండినా ఏ మెతుకుకామెతుకే ఉంటదట. పోయి అడగరాదు?"

"ఆయననా? మనది దేవుని ప్రసాదం. నైవేద్యం కాకముందు నోట్లె వేసుకొని చూడొద్దు. గరిటెగరిటెకు రుచి చూసుకుంట వండెటాయనకు మన తిప్పలేం తెలుస్తయి?"

"మీ చైనాయన గూడ గిట్లనే అన్నడా?"

వామన్‌రావు చెప్పులేసుకున్నాడు. వేసుకోక చస్తాడా.

తిరిగొచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. చేతిలో జామకాయల సంచి.

"మస్తు మంచి మనిషి కోమలీ. వాళ్ల అరబ్బు కాఫీ, గావా తాపిచ్చిండు. పోనియ్యలేదనుకో."

"సరే, అన్నం ఎట్ల వండాల్నంట?"

వామన్‌రావు జామకాయల సంచి కింద పెట్టాడు. "పాపం, ఆయనకు వై యువాన్ అంటే ఎవరో తెల్వదు. మొత్తం చెప్పిన. చెవులప్పగించి విన్నడు."

నేర్చుకోవడానికి వెళ్లి నేర్పి వచ్చిన మహానుభావుణ్ని ఏమనాలో కోమలవల్లికి తోచలేదు. మర్నాడు తనే వెంట బయల్దేరింది. "అక్కడ మీరు నోరు తెరిస్తే, నేను అటునించి అటే మా అన్న ఇంటికి పోత" అని ఆటోలోనే చెప్పేసింది.

అవద్ భాయ్ పెరట్లో ఒక పెళ్లి వంట నడుస్తోంది. వీళ్లను చూసి లేచి కుర్చీలు వేయించాడు. "పంతులు సాబ్, మీ చైనావాలా ఖిస్సా మా ఇంట్ల గూడ చెప్పిన" అని నవ్వాడు. కోమలవల్లి గుడి సంగతంతా చెప్పింది. అంతసేపూ పెదవి బిగపట్టుకున్న వామన్‌రావు ఇక ఆగలేకపోయాడు.

"మా కష్టం వేరే భాయ్. మేము రుచి చూడొద్దు."

"రంజాన్ నెలంత రోజా ఉపాసం ఉండుకుంటనే గదా సాబ్ ఇఫ్తార్‌కు వండుత. ఉప్పు గూడ నాలిక మీద పెట్టను. మరి నేనెట్ల వండుతున్న?"

వామన్‌రావు తల దించుకున్నాడు. బార్కస్ పక్కనే పుట్టి పెరిగాడు, ఏటా రంజాన్ సైరన్ వింటూనే ఉన్నాడు. అక్కడి వంటవాడు కూడా రుచి చూడకుండానే వండుతాడని ఒక్కనాడూ తట్టలేదు. తను ఇంట్లో అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాడు.

అవద్ భాయ్ ఉడుకుతున్న గుండిగలోంచి ఒక మెతుకు తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టాడు. నొక్కమన్నాడు. మూడు తునకలైతే గంజి వార్చేసి, మూత అంచుకు పిండి పెట్టి, సన్నటి సెగ మీద వదిలేయాలట. ఒక్క పెద్ద గుండిగలో కాకుండా చిన్నవాటిలో వండుకోవాలట.

"మూత పెట్టినంక ఎవ్వరు తీయొద్దు. మా అబ్బాజాన్ వచ్చినా నేను తీయను."

కోమలవల్లి మొగుడి వంక చూసింది. గుడి వంటింట్లోకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ మూత తీసి, ఒక సలహా చెప్పి, ఒక చెంబు నీళ్లు పోసి పోతాడు. తాతల నాటి నుంచీ అక్కడ అదే మర్యాద.

కల్యాణం నాడు పొయ్యిల మీద మూతలన్నీ పిండితో బిగిశాయి. మామూలుగానే వైకుంఠం చెంబు పట్టుకుని వచ్చాడు.

"మూత తియ్ పంతులూ, చూద్దాం."

"తియ్య."

"ఏంది?"

"తియ్య సాబ్. కోపమొస్తే రానియ్యి."

వైకుంఠం ముఖం మాడ్చుకుని చెంబుతో సహా వెనక్కి పోయాడు. వామన్‌రావు పొయ్యి ముందు నుంచి కదల్లేదు. అన్నం బట్ట మీద ఆరబోస్తే మల్లెమొగ్గల్లా విడివిడిగా జారింది. పులుసు కలిపారు, నైవేద్యం అయింది, బంతి కూర్చుంది, విస్తళ్లలో పులిహోర, పక్కన ఏటా వండే పప్పు పడ్డాయి. వైకుంఠం ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు.

"పంతులూ, ఇది మీ తాత చెయ్యి. అచ్చం అదే చెయ్యి."

బంతిలో అందరూ తలలూపారు. వామన్‌రావు ఊఁ అంటే చాలు, గరిటె ఇంట్లోనే ఉంటుంది, తాత పేరూ నిలబడుతుంది. కోమలవల్లి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు నోరు తెరిస్తే బాగుండునని ఆవిడ కోరుకోవడం ఇదే మొదలు.

"కాదు సాబ్" అన్నాడు వామన్‌రావు. "బార్కస్ అవద్ భాయ్ నేర్పిండు. ఆయన దగ్గరికి పోయి నేర్చుకున్న."

చైనా ఊసెత్తలేదు. ఇంకొక్క ముక్క కలపలేదు. తినే చేతులు ఆగాయి. వైకుంఠం విస్తరి వంక చూశాడు, వామన్‌రావు వంక చూశాడు.

"మరి ఈ పప్పు ఎవరు నేర్పిండ్రు?"

"అది... మా తాతదే."

"తెలుస్తుంది" అంటూ వైకుంఠం పప్పును వేలితో పక్కకు నెట్టాడు. "వచ్చే ఏడు లోపట బార్కస్ పోయి అది గూడ నేర్చుకొనిరా పంతులూ. అమ్మా, ఇంకొంచెం పులిహోర వెయ్యి."

వచ్చే ఏడు అన్న మాట చెవిన పడగానే వామన్‌రావుకు కళ్లనీళ్లు తిరిగాయి. తాత పప్పుకు అంత మాట పడిందన్న సంగతి ఇల్లు చేరేదాకా ఆయనకు తట్టనే లేదు.