గడప లోపలి జంపఖానా

పొద్దున లేవగానే సమ్మమ్మ చేసే మొదటి పని గడప లోపల పరిచిన జంపఖానా చూడటం. ముఖం కడగడం, పొయ్యి ముట్టించడం అన్నీ ఆ తర్వాతే. ఆ రోజు ఇంటికి ఎవరు రాబోతున్నారో వాళ్ల అడుగులు తెల్లారేసరికి దాని మీద దుమ్ముగా పడి ఉంటాయి. వాటిని చూసుకుని ఆమె ఎసట్లో బియ్యం పోస్తుంది. మడమలు పగిలిన వెడల్పు పాదాలైతే పరకాల నుంచి ఆడబిడ్డ వస్తున్నట్టు. ఆమెకు షుగరు, జొన్న రొట్టె చేయాలి. వేళ్ల మీద పరుగెత్తినట్టు పడిన అడుగులైతే కరెంటు బిల్లు కొట్టే పిలగాడు. ఒకసారి పిల్లి అడుగులు పడ్డాయి. ఆ రోజు పాలగిన్నె ఉట్టి మీదికెక్కింది.

ఆ జంపఖానా ఆమె అత్త నేసింది. వరంగల్ కొత్తవాడలో ఇంటింటికీ మగ్గం ఆడిన కాలంలో నేసిన ఎర్ర నల్ల పట్టీల నేత. రంగు వెలిసింది గానీ ఒక్క పోగు లేవలేదు. వాడకట్టులో ఎవరికీ అది వింత కాదు. కొందరి బోరులో నీళ్లు తియ్యగా ఉంటాయి, కొందరి బోరులో ఉప్పగా ఉంటాయి. సమ్మమ్మ ఇంట్లో జంపఖానా ఇలా ఉంటుంది. అంతే.

ఇంటివాళ్ల అడుగులు మాత్రం దాని మీద పడవు. కొడుకు ఉపేందర్ రోజంతా బయటికీ లోపలికీ తిరిగినా తెల్లారి ఒక్క వేలిగుర్తు కనిపించదు. వచ్చేవాళ్లనే అది పట్టించుకుంటుంది, ఉండేవాళ్లను కాదు.

ఇంకో సంగతి. అడుగులు పడ్డాక ఆ జంపఖానా ఎక్కడుంటే మనుషులు అక్కడికే వస్తారు. పక్కింటి ఆటో పోశయ్య బిడ్డ పెళ్లికి చుట్టాలను కూర్చోబెట్టడానికి పరుపులు చాలక పొద్దున్నే దాన్ని ఫంక్షన్ హాలుకు తీసుకుపోయారు. ఆ రోజు సమ్మమ్మ ఇంటికి రావలసిన ఆడబిడ్డ, నూలు షావుకారు గుమస్తా, బిల్లు పిలగాడు ముగ్గురూ నేరుగా పెళ్లికే వచ్చారు. బిల్లు పిలగాడు మీటర్ ఎక్కడుందని వంటవాళ్లను అడిగి, లేదంటే కూర్చుని కడుపు నిండా తిని పోయాడు. జంపఖానా ఇక్కడుంటే అక్కడికెందుకు పోతారని పోశయ్య అన్నాడు. అందరూ నిజమే అన్నారు.

సమ్మమ్మ చెల్లెలి బిడ్డ సుకన్య తన కూతురు ఇందుని తీసుకుని వచ్చినది వానాకాలం మొదట్లో. నెక్కొండలో రైలెక్కి, వరంగల్‌లో దిగి, ఒంటి మీది చీరతో వచ్చింది. ఎడమ చెవి వాచి ఉంది. మొగుడు భానుచందర్ బొలెరో నడుపుతాడు, తాగుతాడు, కొడతాడు. ఈసారి ఇందు మీదికి కూడా చెయ్యి లేచింది. పొద్దున జంపఖానా మీద ఒక పెద్ద జత, ఒక చిన్న జత అడుగులు, పెద్ద జత కుంటుతూ పడి ఉండటం చూసి సమ్మమ్మ ముందే వేడినీళ్లు పెట్టి ఉంచింది.

హన్మకొండలో ఆడవాళ్ల పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. కోర్టు వారంటు ఇచ్చింది. ఎస్సై సుభాషిణి మంచి మనిషే, నెక్కొండకు రెండుసార్లు జీపు పంపింది. భానుచందర్ ఇంట్లో ఉండడు, నంబర్లు మారుస్తాడు, లారీ అడ్డాల్లో పడుకుంటాడు. కొట్టినవాడు దర్జాగా తిరుగుతున్నాడు. కొట్టించుకున్నది మాత్రం కొంగు కప్పుకుని, కిటికీ మూసుకుని బతకాలి. సమ్మమ్మకు ఇది తలుచుకుంటేనే ఒళ్లు మండేది. బీడీలు చుట్టి, నూలు వడికి, మొగుడు పోయాక మగ్గం గుంటలో తనే దిగి కొడుకును పెంచిన మనిషి ఆమె. భయపడేవాళ్లే ఎందుకు దాక్కోవాలని ఎస్సై ముందే అడిగింది.

అయినా దాక్కోక తప్పలేదు. సుకన్య ఎక్కడుందో ఆమె తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సుకన్యకు లోపల ఒక చిన్న బాధ ఉండేది. ఇందు బడికి పోయి వచ్చే ప్రతి రోజూ తెల్లారే జంపఖానా మీద చిన్న అడుగులు పడేవి. తను కూరగాయలకు పోయే రోజున తనవీ పడేవి.

"ఇన్ని నెలలైనా అది మమ్మల్ని చుట్టాలనే అనుకుంటాంది పెద్దమ్మా," అంది ఒకరోజు నవ్వుతూనే.

"దాని మొఖం. దానికేం తెల్సు," అని సమ్మమ్మ జంపఖానాను నాలుగు దులుపులు దులిపింది.

సుకన్య ఊరికే కూర్చునే రకం కాదు. పుట్టింట్లో నేర్చిన పని, మగ్గంలో దిగింది. ఆమె చేతిలో నాడె పోగుల నడుమ అటూ ఇటూ చేపలా తిరిగేది. ఉపేందర్ చూసి మురిసిపోయాడు. మగ్గం నేసేవాడికి పిల్లనిచ్చేవాళ్లు లేక ముప్పై దాటినా ఒంటిగా ఉన్నవాడు, షావుకారు విసిరే కూలితో విసిగినవాడు. నేరుగా అమ్ముకోవాలని ఫోన్‌లో ఒక పేజీ పెట్టాడు. చెల్లె వరస సుకన్య నేస్తుంటే వీడియో తీశాడు. ముఖం లేకుండా చేతులు, నాడె, కింద ఎదిగే నేత మాత్రమే. పైన కొత్తవాడ అని రాసి, లొకేషన్ పెట్టాడు. నొక్కితే మ్యాపు తీసుకొచ్చి సరిగ్గా గడప ముందు నిలబెడుతుంది.

జంపఖానా మీద కొత్త అడుగులు పడసాగాయి. హన్మకొండ నుంచి లెక్చరర్లు, హైదరాబాద్ నుంచి కారేసుకుని ఎవరో మొగుడూపెళ్లాలు. సరుకు మగ్గం దిగకముందే అమ్ముడుపోతోంది.

"చూసినవా అమ్మా, షావుకారు మొఖం చూడకుండ బతుకొచ్చు," అన్నాడు ఉపేందర్.

"మంచిదే బిడ్డా. కానీ మనింటి తొవ్వ గింత లోకానికి ఎందుకురా?"

"తొవ్వ తెల్వకుంటే కస్టమర్ ఎట్లొస్తడే? నువ్వు జర ఫికర్ చెయ్యకు. చెల్లె మొఖం యాడ కూడ వెయ్యలే."

ఒక మధ్యాహ్నం కరీంనగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఏమీ కొనలేదు. లోపలికి మెడ సాచి చూశాడు.

"అక్కా, ఆ వీడియోల గాజుల చేతులు ఎవరియి?"

"నావే," అంది సమ్మమ్మ, నరాలు తేలిన చేతులు వాడి ముక్కు దగ్గర పెట్టి. "చూసినవు గదా? ఇగ నడువ్."

ఉపేందర్ పడీ పడీ నవ్వాడు. సమ్మమ్మ నవ్వలేదు. కొనడానికి కాకుండా చూడటానికి ఒకడు వచ్చాడంటే, చూడటానికి కాకుండా ఇంకోపనికి ఇంకొకడు వస్తాడు. ఈ మాట కొడుకుతో అంటే, నీకు అన్నీ అనుమానాలే అన్నాడు.

తర్వాతి మంగళవారం పొద్దున సమ్మమ్మ జంపఖానా చూసి నిలబడిపోయింది. అడుగులు చాలానే ఉన్నాయి. కాయలు కాసిన రైతు పాదాలు, ఎవరో ఇద్దరు ఆడవాళ్లవి, వాటి నడుమ ఒక మగ జత. బరువుగా, నేతలోకి దిగిపోయినట్టు పడ్డాయి. ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు.

వెనక నుంచి సుకన్య వచ్చింది. చూసింది. చేతిలో చీపురు కింద పడింది. గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఎవరివి బిడ్డా?"

"ఆయనే. దున్నేటప్పుడు రోటవేటర్ల పోయింది ఆ వేలు."

ఉపేందర్ పళ్లు తోముతున్నవాడు నురగ నోటితోనే ఉరికి వచ్చాడు. "ఎట్లొస్తడే? మొఖమే లేదు గదా!"

సమ్మమ్మ వాడి ఫోన్ లాక్కుని వీడియో వాడి కళ్లముందే ఆడించింది. నేత చివరికి వచ్చే చోట వేలు పెట్టింది. రెండు పసుపు పోగులు, ఒక ఆకుపచ్చ పోగు. షావుకారు దగ్గర సరుకు కలిసిపోకుండా కొస నేతలో ఎవరింటి గుర్తు వాళ్లు వేయడం నేసేవాళ్లలో ఆనవాయితీ. అది సుకన్య పుట్టింటి గుర్తు. పెళ్లికి అరణంగా ఇచ్చిన జంపఖానా మీద కూడా అదే ఉంది. భానుచందర్ దాని మీదే తాగి పడుకునేవాడు.

"నేసేటోళ్ల ఇంట్ల పుట్టినవ్ రా నువ్వు! మొఖం దాస్తే మనిషి దాగుతదా? చెయ్యి చూసి ఇల్లు చెప్పేటోళ్లం గదరా మనం! గుర్తు వాడు పట్టిండు, తొవ్వ నువ్వు చూపినవ్."

ఉపేందర్ వీడియో తీసేశాడు. పేజీ మొత్తం తీసేశాడు. "తీసేసిన అమ్మా. అంతా తీసేసిన."

"అడుగులు పోయినయా చూడు."

పోలేదు. సమ్మమ్మ జంపఖానా ఎత్తి దులిపింది. దుమ్ము లేచింది, మళ్లీ అక్కడే, అదే వేలు లేని పాదంగా కూర్చుంది. చూసినవాడి బుర్రలోకి పోయినదాన్ని ఫోన్‌లో తీసేస్తే ఏం లాభం? వాడు బయల్దేరాడు.

"పరకాల పోదాం పెద్దమ్మా. ఇంకా యాడికన్న పోదాం," అంది సుకన్య. ఇందును గట్టిగా పట్టుకుంది. బడి బట్టలేసుకున్న పిల్లకు ఏమీ అర్థం కాక తల్లి ముఖం తుడుస్తోంది.

"ఎన్నిండ్లు తిరుగుతవ్? నువ్వెందుకు పోవాలె?" సమ్మమ్మ గొంతు లేచింది. అంతలోనే ఆగింది. గడప వైపు చూసింది. వంగి జంపఖానా ఒక కొస నుంచి చుట్టసాగింది, అడుగులు చెదరకుండా, మెల్లగా. "ఉపేందర్, పోశయ్యను పిలువు. ఆటో తియ్యమను."

పోశయ్య వచ్చి చుట్టను భుజాన వేసుకున్నాడు. "యాడికి అక్కా? మళ్లా పెండ్లా?"

"పెండ్లే. వానికి అత్తగారింటి మర్యాద చెయ్యాలె. హన్మకొండ నడువ్, ఆడోళ్ల పోలీస్ స్టేషన్‌కు."

పోశయ్యకు ఇంకేం చెప్పనక్కర లేకపోయింది. పోచమ్మమైదాన్ దాటి ములుగు రోడ్డు మీద ఆటోను ఎగిరించాడు. జంపఖానా అందరి మోకాళ్ల మీద పడుకుని వచ్చింది.

జంపఖానా సంగతి ముందే విని ఉన్న ఎస్సై సుభాషిణి చుట్ట విప్పించి అడుగులు చూసింది. వేలు లేని పాదం దగ్గర మోకాలి మీద కూర్చుంది. ఆమె కేసు కాగితాల్లో ఆ వేలు సంగతి ఉంది.

"ఇయ్యాలటివేనా?"

"తెల్లారి పడ్డయి."

"తలుపుకు అడ్డం పరువకండి, గడప లోపలికి వెయ్యండి. నిండుగా లోపలికి వచ్చినంక చూసుకుందాం." కానిస్టేబుల్‌ను పిలిచి బల్ల పక్కకు జరిపించింది. సుకన్యనూ పిల్లనూ తన గదిలో కూర్చోబెట్టింది.

ముందు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, నర్సంపేట నుంచి. "కొత్తవాడ జంపఖానాలు ఇక్కడేనా అమ్మా?" ఉపేందర్ దిగాలు ముఖంతోనే వాళ్లకు కావలసిన రంగులు రాసుకుని పంపించాడు. తర్వాత రైతు వచ్చాడు. బిడ్డ పెళ్లికి రెండు కావాలన్నాడు. కానిస్టేబుల్ వాటి ధర విని, తనకూ ఒకటి చెప్పింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అతడు వచ్చాడు. చేతిలో ఫోన్, తల ఫోన్‌లోకి వంగి ఉంది. ఇంకో చేతిలో నల్ల కవరు. గేటు దాటాడు, మెట్లెక్కాడు, బోర్డు చూడలేదు. చెప్పులు విడిచి గడప దాటాడు. ఎడమ పాదం తన కోసం పొద్దున్నుంచి కాచుకున్న పాదంలో అచ్చంగా ఇమిడింది. గమ్యం చేరుకున్నారని ఫోన్ ఆడగొంతుతో చెప్పింది.

భానుచందర్ తలెత్తాడు. ఖాకీ బట్టలు చూశాడు. "ఇది... కొత్తవాడ గాదా?"

"గాదు. అయినా సరైన జాగకే వచ్చినవ్," అంది సుభాషిణి. "కూసో."

వెనక తలుపు మూసుకుంది. కానిస్టేబుల్ నల్ల కవరు తీసుకుని అందులోని సీసా మూత విప్పి వాసన చూసింది. మూత మళ్లీ గట్టిగా బిగించి, దాన్ని తీసుకుపోయి బయట చెట్టు నీడలో దూరంగా పెట్టింది. పెట్రోలు వాసన గదిలో కాసేపు అలాగే ఉండిపోయింది. ఉపేందర్ గోడకు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. సమ్మమ్మ వాడిని తిట్టలేదు. తిట్టవలసినంతా ఆ వాసనే తిట్టింది.

గది తలుపు దగ్గర సుకన్యను చూసి భానుచందర్ ఎగిరాడు. "అడ్రస్ పెట్టి పిలిచింది నువ్వే గదనే! ఊరంత చూడమని పెట్టి, మొగడొస్తే పోలీసులా?"

సుకన్య తలుపు దాటి ఒక అడుగు ముందుకు వేసింది. "మేం ఎక్కడున్నమో చెప్పినం. నిన్ను రమ్మని పిలువలే."

సాయంత్రానికి అతన్ని కోర్టుకు తీసుకుపోయారు. వారంటు, దాని మీద సీసా. తొందరగా బయటికి రాడని సుభాషిణి చెప్పింది. జంపఖానా చుట్టను ఆటోలో పెట్టేటప్పుడు తనే ఒక కొస పట్టుకుంది.

కొన్నాళ్లకు ఉపేందర్ పేజీ మళ్లీ తెరిచాడు, ఇంటి లొకేషన్ లేకుండా. కొనేవాళ్లకు సరుకు పోశయ్య ఆటోలో, బస్సు పార్సిల్‌లో పోతుంది. కొస గుర్తు ఫోటోలో పడకుండా చూసుకుంటాడు. అమ్మకం కొంచెం తగ్గింది. తగ్గితే తగ్గిందిలే అన్నాడు.

స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన మర్నాడే సమ్మమ్మ జంపఖానా చూసింది. ఖాళీగా ఉంది. ఒక్క అడుగు లేదు.

సుకన్య కూతురికి జడ వేసి, బడికి పంపించి వచ్చి చూసింది. "పెద్దమ్మా, ఇందువి లేవేంది? బడి నుంచి రాదా నా బిడ్డ?"

ఇద్దరూ గడప దగ్గరే కూర్చున్నారు. పొయ్యి ముట్టించలేదు, మగ్గం ఆడలేదు. ఉపేందర్ బడి ముందరికి పోయి నిలబడ్డాడు. పూట గడవడం లేదు. సుకన్య వీధి చివర చూస్తోంది, సమ్మమ్మ నేతనే చూస్తోంది. చూసీ చూసీ ఉన్నట్టుండి అడిగింది.

"నిన్న నువ్వు హన్మకొండ నుంచి ఇంటికొచ్చినవా లేదా?"

"వస్తిని గదా."

"నిన్న పొద్దున నీ అడుగులు దీని మీద ఉండెనా?"

సుకన్య ఆలోచించింది. ఆ రైతు పాదాలు, ఆడవాళ్ల పాదాలు, వేలు లేని పాదం. తనవి లేవు. ఇందువీ లేవు. భయంలో ఎవరూ చూడలేదు.

"పిచ్చిదానా," అంది సమ్మమ్మ, "ఇంటోళ్లయి అదెన్నడేసింది?"

బడి విడిచే వేళకు ఇందు మామ చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చింది. దారిలో ఎక్కడో నీళ్లలో ఆడినట్టుంది, కాళ్లనిండా బురద. గడప దాటి జంపఖానా నడుమ నుంచి అడ్డంగా ఉరికి తల్లి ఒళ్లో పడింది. ఎర్ర నల్ల పట్టీల మీద చిన్న చిన్న తడి పాదాలు వరసగా మిగిలాయి.

సమ్మమ్మ ఆ రోజు జంపఖానా దులపలేదు.