బే గారి భార్య డైలాగు

ఉపవాసం విడిచే వేళ చెప్పే ఫిరంగి పేలడానికి ఇంకా మూడు గంటలుంది. పల్చటి పిండిరేకులో గుడ్డు కొట్టి, పగలకుండా బ్రిక్ మడుస్తోంది దుజా. భర్త లమ్జద్ వంటింటి గుమ్మంలో నిలబడి రోజూ అడిగేదే అడిగాడు.

"ఇవాళ మన బే ఏమంటాడే?"

రంజాన్ నెలంతా, ఉపవాసం విడిచి సూప్ గిన్నెలు ముందు పెట్టుకోగానే ట్యూనిస్ నగరం చూసేది టీవీలో వచ్చే బొమ్మల హాస్యమే. తలకన్నా పెద్ద టోపీ పెట్టుకున్న బే అనే ప్రభువు, అతని దర్బారు, అతని తిక్క ఆజ్ఞలు. ఏ రోజు ముక్క ఆ రోజే తయారవుతుంది. మధ్యాహ్నం దుజా రాసిన కాగితం అందితే లమ్జద్ స్టూడియోకి పరిగెత్తి బే గొంతు తనే ఇస్తాడు. తన డైలాగులు తప్ప మిగతావి చదివే తీరిక ఉండదు. టీవీలో మాత్రం "రచన: లమ్జద్" అని పడుతుంది. పాలకులను ఇంత ధైర్యంగా ఏకిపారేసేవాడు లేడని పేపర్లు రాశాయి.

ఆ రాత ఎక్కడినుంచి వచ్చేదో దుజాకే తెలుసు. ఒకసారి తనకు నడుం పట్టేసిందంటే, "విరిగిపోతోందంటావ్, నిలబడే ఉన్నావుగా!" అన్నాడు లమ్జద్. తన పల్లకీ మోసేవాళ్లతో బే అదే అన్నాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. "నీ మాట వినే కదా నేను నిర్ణయం తీసుకునేది, నువ్వు నోరు తెరవకముందే!" అన్నాడింకోసారి. అదీ బే నోట్లో పెట్టింది. అత్తగారు ఆర్బియా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఏం దుర్మార్గుడ్రా వీడు! ఇలాంటివాడితో ఆ పెళ్లాం ఎలా వేగుతోందో!" లమ్జద్ కూడా నవ్వాడు. ఒక్క మాటైనా తనదని గుర్తుపట్టలేదు. దుజాకు ఒళ్లు మండింది. అయినా వాళ్ల గిన్నెల్లో సూప్ వడ్డించింది.

పదిహేడో రోజున ఆయన ఎప్పుడూ అనని మాటొకటి కల్పించి రాసింది: "అద్దంలో మీరు కనిపిస్తున్నారంటే నా దయ." కాగితం ఇంకా పిండిడబ్బా కిందే ఉంది. అద్దం ముందు తలగుడ్డ సర్దుకుంటుంటే వెనక లమ్జద్ వచ్చి నిలబడ్డాడు.

"అద్దంలో నువ్వు కనిపిస్తున్నావంటే నా దయ."

"ఎక్కడ విన్నారండీ ఆ మాట?"

"ఏ మాట? నేనేం అనలేదే."

అబద్ధం ఆడుతున్న మొహం కాదది. మర్నాడు కావాలనే అర్థం లేనిది రాసి దాచింది: "నా నీడ తొక్కకు, దానికి నొప్పి." సాయంత్రం వసారాలో ఎదురైనప్పుడు లమ్జద్ కాళ్లు ఎడంగా పెట్టి అదే అన్నాడు, మాట పొల్లు పోకుండా. దుజా పళ్లెం కింద పెట్టేసింది.

ఆరోజు పాత కాగితాలన్నీ ముందేసుకుంది. తను రాసింది ఆయన అంటున్నాడు సరే, మరి బే భార్యకు తనేం రాసింది? వెతికింది. పద్దెనిమిది రోజుల్లో ఆమెకు ఉన్నది ఒకే ఒక్క డైలాగు. "సరేనండీ." అలా రాయమని ఎవరూ అడగలేదు. పొద్దుట్నుంచి తను ఎన్నిసార్లు ఆ మాట అందో లెక్కపెట్టబోయి మానేసింది.

ఆఖరి రోజు. టీవీ ముచ్చట్ల కార్యక్రమం వాళ్లు ఇంటికొచ్చి, రచయిత కుటుంబం బ్రిక్ తింటూ టీవీ చూడటం తీస్తారట.

"నిన్నేమైనా అడిగితే, నాకేం తెలుసండీ, వండిపెట్టడమేగా అను. అర్థమైందా?" అన్నాడు లమ్జద్, మధ్యాహ్నం కాగితం తీసుకుంటూ. తన డైలాగులు చూసుకుని కనుబొమలు ముడిచాడు. "చివర్లో బే 'సరేనండీ' అంటాడా?"

"ఆఖరి రోజు కదండీ, జనం నవ్వుతారు."

"అదీ నిజమే," అని వెళ్లిపోయాడు.

ఫిరంగి పేలింది. ఖర్జూరాలు తిన్నారు. కెమెరా ముందు అంతా టీవీ చూస్తున్నారు. తెర మీద బే రొమ్ము విరుచుకుని, "ఈ రాజ్యమంతా నేనొక్కణ్ణే కట్టాను, కదూ?" అన్నాడు. ట్రే మోసుకొచ్చిన భార్య మొదటిసారి తలెత్తింది.

"కాదు," అంది.

లమ్జద్ చెంచా గాల్లోనే ఆగింది. కార్యక్రమం నడిపే అమ్మాయికి హుషారొచ్చింది. "దుజా గారూ, ఇన్ని మంచి మాటలు! అన్నీ మీ ఆయన రాసినవేనా?"

లమ్జద్ కళ్లతోనే హెచ్చరించాడు. దుజా నాలుక మీద ఆయన నేర్పిన మాట సిద్ధంగా ఉంది. బయటికొచ్చింది మాత్రం వేరే.

"కాదు. నేను రాసినవి. ఇంట్లో ఈయన నాతో అన్నవే రాశాను."

ఆర్బియా కొడుకు వైపు తిరిగింది. ఇన్నాళ్లూ తను నవ్విన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నట్టు ఆమె మొహం పాలిపోయింది. లమ్జద్ అరవడానికి నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి.

"సరేనండీ," అన్నాడు.

తర్వాత తన పెదవులు తనే తడిమి చూసుకున్నాడు.

దుజాకు సంతోషం కలగాలి. భయమేసింది. ఇకమీదట ఈయనకు ఒక్క మాట కూడా రాయకూడదనుకుంది. ఇంకో మనిషి చేత సరే అనిపించుకోవడం ఎంత తేలికో, ఇన్నేళ్లూ ఆయనకు అదెంత తేలికగా ఉండేదో, ఆమెకు అప్పుడే తెలిసింది.