డాబా మీద తెల్లపూత

ఆ మేడలో పైవాటా చలికాలంలో ఇల్లు, ఎండాకాలంలో పొయ్యి. నెత్తి మీద ఒట్టి స్లాబు, దాని మీద సూర్యుడు, మధ్యలో అడ్డం ఏమీ లేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఫ్యాను కూడా పగబట్టినట్టు వేడిగాలిని తెచ్చి మొహాన కొడుతుంది. మంచం ముట్టుకుంటే కాలుతుంది, గోడకి ఆనుకుంటే కాలుతుంది. ఇక కుళాయి నీళ్ల సంగతి చెప్పకపోవడమే మంచిది.

ఆ వాటాలో ఉండే ఆవిణ్ని వీధివీధంతా మైకు అంటుంది. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది బయలుదేరుతోందో మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆవిడ రిటైరైంది గానీ ఆవిడ గొంతు రిటైరవలేదు. మెట్ల మీద ఎవరి చెప్పులు అడ్డమున్నా, కుళాయి కింద ఎవరి బకెట్టు పొంగిపోతున్నా మేడంతా మారుమోగేలా దులిపేస్తుంది. కింది వాటాలో ఒకప్పుడు లారీ నడిపిన డ్రైవరు బాబాయి, మధ్య వాటాలో టైలరమ్మ. ఇద్దరూ ఆవిడ నోట్లో నోరు పెట్టడం ఎప్పుడో మానేశారు. మధ్యాహ్నం ఆవిడ గొంతు లేచిందంటే చాలు, తలుపులేసుకుంటారు.

అలాంటి మనిషి కొన్నాళ్లుగా పిల్లిలా మెట్లెక్కి దిగుతోంది. కారణం మనవరాలు.

కూతురిది అదే ఊరు. పాప పుట్టాక తీసుకున్న సెలవు అయిపోవస్తోంది. అల్లుడు ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. పగలు పడుకుంటే తప్ప మనిషి నిలవడు. వాళ్లదేమో ఒకే గది. "పొద్దున్నే నా దగ్గర దింపండి, సాయంత్రం తీసుకెళ్లండి. నేను లేనా?" అంది మైకు. అనడమే కాదు, పాపకి ఉయ్యాల కూడా కట్టేసింది. సరే, ఒకరోజు చూద్దామని తెచ్చారు. పొద్దున్నంతా బాగానే ఉంది. మధ్యాహ్నానికి పసిది ఎర్రగా కందిపోయి, ఒళ్లంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడ్చింది. మైకు కూడా ఏడ్చింది.

"తప్పుగా అనుకోకండి అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు పాపని భుజాన వేసుకుని. "మీ చేతుల్లో పెట్టడానికి నాకేం భయం లేదు. ఈ గదిలో పెట్టడానికే భయం. మా అక్క వాళ్ల ఊరు పంపిద్దామనుకుంటున్నాం. సెలవు దొరికినప్పుడు వెళ్లి చూసొస్తాం."

వెళ్లి చూసొస్తారట! పాల పళ్లయినా రాని పిల్లని ఇంకో ఊళ్లో పెట్టి, చుట్టపుచూపుగా వెళ్లి చూసొస్తారట. అల్లుణ్ని నాలుగు తిడదామనుకుంది గానీ, అతను అన్నదాంట్లో అబద్ధమేముంది గనక?

సరిగ్గా ఆ వారంలోనే వార్డు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వీధిలోకి వచ్చింది. ఇళ్లల్లో కరెంటు వాడకం తగ్గించే పథకమట. డాబా మీద మందంగా తెల్లపూత వేస్తే ఎండ వచ్చినదారినే తిరిగి పోతుందట, స్లాబు కాగదట, ఫ్యాన్లూ కూలర్లూ రోజంతా గిరగిరా తిరగక్కర్లేదట. పైసా ఖర్చు లేదు. మైకు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఆగండి ఆంటీ, షరతులున్నాయి," అంది అమ్మాయి. "మేడలో ఉన్నవాళ్లంతా ఒప్పుకోవాలి. డాబా మొత్తం ఖాళీ చెయ్యాలి. పూత పడ్డాక అక్కడ సామాన్లు పెట్టకూడదు, చెప్పులతో నడవకూడదు. నిజంగా వేడి ఎక్కువున్న ఇళ్లకే ముందు వేస్తాం. నేనే ఒక మధ్యాహ్నం వచ్చి మీ గదిలో కొలిచి, అందరితో అక్కడే మాట్లాడతాను."

మైకు గుండెల్లో రాయి పడింది. డాబా మీద డ్రైవరు బాబాయి పాత లారీ సీట్లున్నాయి, వాటిని ఆయన ప్రాణంకంటే ఎక్కువగా చూసుకుంటాడు. టైలరమ్మ రంగులద్దిన బట్టలు ఆరేసేది అక్కడే. వాళ్లిద్దరూ సరే అనాలి. ఆ సరే అడగాల్సింది తను! ఇన్నేళ్లూ ఇద్దరి మీదా పారేసుకున్న నోరు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. అయినా వెళ్లి, కొత్త కోడలిలా గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ పిలిచింది. ఇంత మెత్తగా మాట్లాడుతోందేమిటా అని వాళ్లు బెదిరిపోయి, వస్తామన్నారు.

ఇక్కడే మైకు పప్పులో కాలేసింది.

ఇంటికి మనుషులొస్తున్నారు. అందులోనూ ఎన్నడూ గడప తొక్కనివాళ్లు. వాళ్లని ఆ పొయ్యిలో ఎలా కూర్చోబెట్టడం? పొద్దుటి నుంచీ నేలంతా తడిగుడ్డతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. దుప్పట్లు తడిపి కిటికీలకి వేలాడదీసింది. బస్టాండు క్యాంటీనామె దగ్గర కూలరు అడిగి మోయించుకొచ్చింది. ఐసు గడ్డలు పగలగొట్టి కూలరు నీళ్లలో వేసింది, నిమ్మరసంలో వేసింది. పథకం అమ్మాయి, డ్రైవరు బాబాయి, టైలరమ్మ వచ్చి కూర్చునేసరికి గది తోటలా ఉంది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది," అన్నాడు డ్రైవరు బాబాయి కాళ్లు చాపుకుని. "మా ఇంటికంటే ఇక్కడే నయం కదమ్మా!"

మైకు మురిసిపోయి ఇంకో గ్లాసు పోసింది.

అమ్మాయి చేతిలో చిన్న యంత్రాన్ని గాల్లోకి ఎత్తి చూసింది. ఇంకోమూలకి వెళ్లి చూసింది. మొహం అదోలా పెట్టింది. "ఆంటీ, ఈ లెక్కన మీ గదికి పూత అక్కర్లేదు. ఇంతకంటే వేడిగా ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. మీ పేరు వెనక్కి వెళ్లిపోతుంది."

"అంతేగా మరి!" అంది టైలరమ్మ. "ఇంత హాయిగా ఉంటే, ఈవిడ కోసం నేను బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?"

మైకు చేతిలో జగ్గు అలాగే ఉండిపోయింది. మర్యాద చేద్దామని తన కొంప తనే ముంచుకుంది!

"అయ్యో, అది కాదమ్మా! కూలరు నాది కాదు. ఇవన్నీ మీకోసం..." అంటూ మొదలుపెట్టింది గానీ ఎవరు వింటారు? అప్పటికే టైలరమ్మ మాట డ్రైవరు బాబాయికి గుచ్చుకుంది.

"డాబా అంతా నీ బట్టలే కదా, నీకేం తక్కువ?" అన్నాడాయన.

"నా బట్టలు సాయంత్రానికి దిగిపోతాయి. మీ సీట్లు దిగుతాయా? వాటిల్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి!"

"ఆ సీట్ల మీద కూర్చుని నేను దేశమంతా తిరిగాను!"

"తిరిగారుగా, ఇక దించండి!"

ఇద్దరూ లంకించుకున్నారు. పథకం అమ్మాయి మధ్యలో దూరబోయి ఇద్దరిచేతా చీవాట్లు తింది. మైకు మాత్రం నోరు మెదపలేదు. అంతలో కూలరు గొంతు మారింది. నీళ్లు అడుగంటుతున్నాయి. మైకు అలవాటుగా లేచి బకెట్టు అందుకుంది, తొట్టి మూత ఎత్తింది. ఎత్తి, ఆగింది.

బకెట్టు కింద పెట్టేసి, వచ్చి తన చోట కూర్చుంది.

పోట్లాట జరుగుతుంటే నోరు కట్టుకోవడం ఆవిడకి కష్టమే. కానీ ఇంటికొచ్చినవాళ్లకి చెమటలు పడుతుంటే చేతులు ముడుచుకుని చూడటం అంతకంటే కష్టమైంది. కూలరు వేడిగాలి మొదలుపెట్టింది. దుప్పట్లు అట్టల్లా బిగుసుకున్నాయి. తడి నేల ఎండింది. స్లాబు తన అసలు బుద్ధి బయటపెట్టింది. పోట్లాడుకుంటున్న ఇద్దరికీ ముందు తెలియలేదు. కోపంతో ఒళ్లు మండుతోందనుకున్నారు. తర్వాత డ్రైవరు బాబాయి చొక్కా గుండీలు విప్పుకున్నాడు. టైలరమ్మ కొంగుతో మెడ తుడుచుకుని, విసురుకుని, మళ్లీ తుడుచుకుంది.

"ఏంటక్కా ఇది? ఊపిరాడట్లేదు. కూలరులో నీళ్లు పొయ్యి," అంది.

"పొయ్యను," అంది మైకు.

ముగ్గురూ ఆవిడ వంక చూశారు.

"పొయ్యనమ్మా. ఇదీ నా ఇల్లు. ఇందాకటిదాకా మీరు చూసింది నా ఇల్లు కాదు, మీకు చేసిన మర్యాద. ఇంకాసేపు కూర్చోండి, మీ కాళ్లు పట్టుకుంటాను." ఎప్పుడూ వణకని ఆ గొంతు వణికింది. "నా మనవరాల్ని ఒక్కరోజు ఇక్కడ పడుకోబెడితే ఒళ్లంతా పేలిపోయింది. ఈ గది ఇలాగే ఉంటే దాన్ని వేరే ఊరు పంపేస్తారు. అది నా మొహం కూడా మర్చిపోతుంది. నాకింకేం వద్దు. నా పిల్ల ఇక్కడ పడుకోవాలి, అంతే."

ఫ్యాను ఒక్కటే కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.

"ఇన్నేళ్లుగా ఈ గదిలోనే ఉంటున్నావా?" అన్నాడు డ్రైవరు బాబాయి. "అందుకేనా మధ్యాహ్నాలు అలా అరిచేదానివి?"

"మరి ఈ వేడికి నోట్లోంచి తియ్యటి మాటలొస్తాయా?"

టైలరమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా అక్కా? ఊళ్లో ప్రతి బస్సు సంగతీ చెప్పావు, నీ సంగతి తప్ప! పోనీలే, నా బట్టలు వరండాలో తాడు కట్టుకుని ఆరేసుకుంటాను."

డ్రైవరు బాబాయి తలెత్తి స్లాబుకేసి చూశాడు. "ఆ సీట్లు కిందికి దింపించమ్మా," అన్నాడు నిట్టూర్చి. "నా గుమ్మం ముందే వేసుకుంటాను. ఎలుకలతో సహా."

అమ్మాయి యంత్రం చూసుకుంది. "ఇందాకటి లెక్క ఇక చెల్లదు ఆంటీ. రేపు మళ్లీ వస్తాను. దయచేసి నాకు నిమ్మరసం కూడా ఇవ్వకండి!"

మర్నాడు ఆ అమ్మాయి మైకు గదిలో మంచినీళ్లు కూడా అడక్కుండా నిలబడి కొలుచుకుని, చెమట తుడుచుకుంటూ మెట్లు దిగింది. మేడ పేరు జాబితాలో పైకి ఎక్కింది. పూత వేసే రోజున డ్రైవరు బాబాయి లుంగీ ఎగ్గట్టి డాబా కడిగాడు. టైలరమ్మ చీపురు పట్టింది. మైకు మెట్ల దగ్గర కాపలా నిలబడి, చెప్పులతో ఎక్కబోయినవాళ్లని దులిపేసింది. ఈసారి ఎవరికీ కోపం రాలేదు.

పూత ఆరిన కొద్దిరోజులకి అల్లుడు వచ్చాడు, మంచి ఎండ నెత్తిన పడే వేళ చూసుకుని. రాత్రంతా డ్యూటీ చేసిన మొహం. వెనక పాపతో కూతురు. పాప బట్టల సంచి మాత్రం గుమ్మం బయటే పెట్టింది, ఎందుకైనా మంచిదని. మైకు అది చూసింది.

"కాసేపు కూర్చుని చూస్తాను అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

"చూడు బాబూ, తీరిగ్గా చూడు." ఆవిడ కూలరు తేలేదు, దుప్పట్లు తడపలేదు. గది ఎలా ఉందో అలాగే వదిలేసింది.

అతను గోడ తడిమాడు. మంచం తడిమాడు. ఫ్యాను కింద కూర్చుని పాపని ఒళ్లో పెట్టుకుని, మెడ దగ్గర చెమట పడుతుందేమోనని మాటిమాటికీ వేలు పెట్టి చూశాడు. తర్వాత గోడకి ఆనుకున్నాడు. పాపని గుండెల మీదికి లాక్కున్నాడు.

తల్లీకూతుళ్లిద్దరూ వంటింటి గుమ్మంలో నిలబడి ఎదురుచూశారు. ఎంతకీ మాట రాదు. తొంగి చూస్తే ఏముంది? పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన గుండెల మీద పాప, పిడికిళ్లు వదులు చేసుకుని, అంతకంటే గాఢంగా నిద్రపోతోంది.

"అమ్మా, లేపనా?" అంది కూతురు.

"లేపావంటే చూడు!"

కూతురు కాసేపు వాళ్లిద్దర్నీ చూసింది. చప్పుడు కాకుండా బయటికి వెళ్లి, బట్టల సంచి తెచ్చి, అలమరలో తల్లి చీరల పక్కన పెట్టింది.

"రేపు ఎన్నింటికి దింపమంటావే అమ్మా?"

"ఎన్నింటికేమిటే పిచ్చిదానా," అంది మైకు కళ్లనీళ్లతో. "తెల్లారగానే తెచ్చెయ్యి."