ఊరు చూడ్డానికి వెళ్ళిన గొంతు

ఆదివారం పొద్దున్నే గవరయ్య గొంతు ఇల్లు విడిచి బయల్దేరుతుంది. వెళ్ళేముందు వంటింటి గుమ్మం దగ్గర ఆగి అతని భార్య వరాలమ్మతో చెబుతుంది.

"ఊరు సూసొస్తానే."

"టీ తాగి ఎల్లు," అంటుంది వరాలమ్మ.

"తాగడానికి నాకు నోరేదీ? అది మంచం మీద తొంగున్నాది."

నిజమే కదా అనుకుని ఆమె పొయ్యి ఆర్పేస్తుంది.

వాళ్ళిల్లు విశాఖపట్నంలో, నీళ్ళ జారుడుబల్లల పార్కు గోడ వెనక. ఆ పార్కులో మైకు పట్టుకుని చెప్పులు ఇక్కడ విప్పండి, పిల్లల చెయ్యి వదలకండి, లైను తప్పకండి అని చెప్పడం గవరయ్య ఉద్యోగం. గొంతు అరిగిపోతుందని ఇంట్లో మాట్లాడడు. అన్నం పెట్టమన్నా, లైటు ఆర్పమన్నా చేత్తో సైగే. మొగుడి మాట వినాలనిపించినప్పుడు వరాలమ్మ పెరట్లోకి వెళ్ళి, గాలి పార్కు వైపునుంచి ఇటు తిరిగేదాకా నిలబడుతుంది.

గవరయ్య లేచి నోరు తెరుస్తాడు. ఖాళీ చేసిన గదిలోంచి వచ్చినట్టు చల్లగాలి వస్తుంది, అంతే. వరాలమ్మ సంగతి చెబితే, సాయంత్రంలోగా గొంతు రాకపోతే ఇంకొకరి గొంతు పెట్టుకుంటామని పార్కు మేనేజరు ఫోన్లో చెబుతాడు.

ఉద్యోగం పోతుందన్న బెంగకన్నా, గొంతు ఎక్కడైనా దారి తప్పుతుందేమోనన్న బెంగ వరాలమ్మకు ఎక్కువ. రాయపూర్ నుంచీ కలకత్తా నుంచీ జనం రైళ్ళెక్కి వచ్చి చూసిపోయే ఊరిది. ఇక్కడే కాపురముంటూ ఆ గొంతు పార్కు తప్ప ఏదీ చూడలేదు. ఆమె కూడా చూడలేదు. చెప్పులేసుకుని మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కుతుంది.

చేపల రేవులో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కునుకు తీస్తున్నాయి. గంపల దగ్గర కూర్చున్న నూకాలు అనే ఆవిడను వరాలమ్మ అడుగుతుంది.

"అప్పా, మా ఆయన గొంతు ఇటుగాని వచ్చినాదేటి?"

"వచ్చినాదమ్మా. వంజరం చేపల గంపలకి వేలంపాట పాడీసి, చిటికెలో అమ్మీసి పోనాది. అంత మంచి గొంతు ఇంట్లో ఎలా దాసుకున్నావు?"

"ఇంట్లో లేదప్పా. పార్కులో ఉండీది."

నూకాలు గవరయ్య వైపు చూసి జాలిగా తలాడిస్తుంది. "తొట్లకొండ సూస్తానని ఎల్లినాది. దొరికితే రేపు కూడా రమ్మను. పనిస్తాం."

వాళ్ళు మళ్ళీ బస్సెక్కి తొట్లకొండకు టిక్కెట్టు అడిగితే కండక్టరు డబ్బు తీసుకోడు. "అది రేవు ఎనకాలే ఉందమ్మా. జనం రావట్లేదని తనే దిగొచ్చినాది. నడిసెల్లిపోండి."

నిజంగానే కొండ రేవు వెనక, చుట్టాలింటికి వచ్చినట్టు ఒదిగి కూర్చుని ఉంది. పైన బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు. కాపలా ఆయన ఒక తొట్టి చూపించి, గొంతు లోపల ఉంది, మాట్లాడటం లేదు, వింటోంది అంటాడు. వరాలమ్మ వంగి నీళ్ళకు చెవి ఆనిస్తుంది. ఎన్నో వందల ఏళ్ళ కిందటి నిశ్శబ్దం ఇంకా తడిగా ఉంది. ఆమెకు అదంటే భయం వేయదు. గవరయ్య కూడా పక్కనే చెవి ఆనిస్తాడు. ఇద్దరూ ఒకే శబ్దం కోసం తల వంచడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

కాసేపటికి నీళ్ళు కదిలి, గట్టు మీద తడి జాడ ఒకటి ఉత్తరంగా సాగుతుంది. దాని వెంట నడిస్తే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. గాలీ వానా కోసిన ఎర్రటి సందుల్లో, మనిషి ఎత్తున, గొంతు నిలబడి ఉంది. దానికి ఆకారం లేదు గానీ అది ఉన్నచోట మట్టి సన్నగా అదురుతోంది.

"ఇంటికి రా," అంటుంది వరాలమ్మ.

"వస్తే మల్లీ మైకులో పెట్టీస్తాడు."

గవరయ్య మెడలోంచి పార్కు కార్డు తీసి దిబ్బ మీద పెడతాడు. ఇసుక దాన్ని మెల్లగా మింగేస్తుంది. తర్వాత అతను కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, తీసి, తెరిచి, వరాలమ్మ వైపు చాపుతాడు. అతని సైగలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇది మాత్రం కొత్తది.

"ఏటంటన్నాడు?" అడుగుతుంది గొంతు.

చెప్పెయ్యొచ్చు. నువ్వు కావాలంటున్నాడని తనకు నచ్చినట్టు అర్థం చెబితే గొంతు నమ్ముతుంది. వరాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటుంది.

"నాకు తెల్దు. లోపలికెల్లి నువ్వే అడుగు."

గొంతు అతని వైపు కదులుతుంది. అదురు ఆగిపోతుంది. గవరయ్య దగ్గుతాడు. పెదాలు తడుపుకుంటాడు.

"వరాలూ," అంటాడు. మైకులో వినిపించేంత పెద్దగా లేదు ఆ మాట. పక్కనున్న మనిషికి సరిపడా ఉంది. "నీకేటి సూడాలనుంది?"

ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. జవాబు ఎక్కడ పెట్టుకుందో వెతకడానికి ఆమెకు సమయం పడుతుంది. గవరయ్య తొందరపెట్టడు.

"ఇక్కన్నుంచి కనపడందేదైనా," అంటుంది చివరికి.

ఆ మాట దిబ్బకు వినబడుతుంది. అది నీళ్ళలోంచి లేచే గేదెలా మొదట వెనక భాగం, తర్వాత ముందు భాగం ఎత్తి, ఇద్దరినీ వీపు మీద పెట్టుకుని సముద్రంలోకి నడుస్తుంది. సముద్రం కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకున్నట్టు అంచు ఎత్తి దారిస్తుంది. అడుగున, ఒడ్డు నుంచి కనపడని పెంకుటిళ్ళ వీధి ఒకటి ఉంది. వీధి చివర ఒకావిడ చీపురు గోడకానించి, గుమ్మం ముందు ముగ్గు వేస్తోంది. ఆమె తలెత్తి, ఇంకా చుక్కలు పెడుతూనే, ముగ్గు తొక్కకుండా అటు పక్కనుంచి లోపలికి రమ్మంటుంది. చేపలు పక్కకు తప్పుకుని దారిస్తాయి.