పాత కొట్టం మట్టిలో సొరపాదు

పురుటికని గౌడవెల్లిలో మా అమ్మ వజ్రమ్మ దగ్గరికి వచ్చాను. పాప పుట్టిన దగ్గర్నుంచీ నాకు పూటపూటా సొరకాయే. పాలు పడతాయట! విసుగొచ్చి కంచం పక్కకు తోస్తే, "మందు కొట్టని కాయ బిడ్డా, పాత కొట్టం జాగాల కాసింది" అంటూ మళ్లీ వడ్డించేది.

మేడ్చల్‌లో ఓ ల్యాబులో పనిచేసే మా తమ్ముడు బాలేష్‌కు ఫ్యాక్టరీల నీళ్ల మీద అనుమానం. పెరట్లో ఆ జాగాలోనే కాసిన టమాటాలు, ఓ సొరకాయ, గుప్పెడు మట్టి తీసుకెళ్లి పరీక్ష చేయించాడు. టమాటాల్లో ఏమీ లేదట. సొరకాయలో మాత్రం ఎప్పుడో వాడకం ఆపేసిన పురుగుల పొడి ఉందట.

"ఫ్యాక్టరీది గాదక్కా. బర్రెలకు గోమార్లు పట్టొద్దని బాపు కొట్టంల చల్లిన పొడే. గా మన్నుల ఇంకా ఉన్నది."

బాపు పోయి ఏళ్లయింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. "మన్ను ఒక్కటే, నీళ్లు ఒక్కటే. టమాటకు రాంది సొరకాయకెట్లొచ్చిందిరా?"

"సొర, గుమ్మడి జాతి వేర్లు మన్నుకంటుకున్న పొడిని ఊడదీసి నీళ్లతోని పైకి గుంజుతయి. టమాట వేర్లకు అంత చాతగాదు."

"మస్తు కడిగిన గదరా, తొక్క గూడ తీసిన!" అంది అమ్మ.

"గుజ్జులనే ఉన్నంక కడిగితే ఏం పోతదే?"

కోపం ఎవరి మీద చూపించను? బర్రెల కోసం పొడి చల్లిన బాపు మీదా, నాకోసం కాయ వండిన అమ్మ మీదా? ఒళ్లో పాప ఏడుస్తోంది. పాలివ్వాలా, వద్దా? డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఆ పొడి పాలల్లోకి కూడా దిగుతుందంది. ఆ వెంటనే, "పాలు మాత్రం మానకు, ఆ కాయ మానెయ్" అంది. దిగుతుందంటూనే మానకంటే నేనేం అర్థం చేసుకోవాలి తల్లీ! ఏడుస్తూనే పాపకు పాలిచ్చాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ సొరపాదు మొదలంటా పీకేసింది. ఆ మరుసటి రోజు సాయంత్రం గ్లాసెడు వేడి పాలు తెచ్చింది.

"ఇగ సొరకాయ ముచ్చట లేదు. ఇవి తాగు బిడ్డా, మన బర్రెవే, ఇప్పుడే పిండిన."

గ్లాసు అందుకుంటూ అడిగాను. "కాయలెక్కడ పారేసినవమ్మా?"

"పారేసుడేంది? గంపెడు కాయలు! నిన్ననే బర్రెకేసిన. తీగతోని సహా తిన్నది."