డ్రా అయితే లేవక్కర్లేదు

సాంతా క్లారాలో కుర్రకారు చదరంగం పోటీలు పొద్దున్నే ముగిశాయి. దూరాన ఉన్న గ్వాంతనామో ఊరి జట్టు బస్సు బయల్దేరడానికి ఇంకో పది నిమిషాలుంది. వరండాలో ఒకే బల్ల, ఒకే గడియారం, చుట్టూ మూగిన జనం. ఆ బల్ల కట్టుబాటు అందరికీ తెలిసిందే. మనిషికి ఐదు నిమిషాలు. ఓడినవాళ్ళు లేచి, వరసలో ఉన్నవాళ్ళకి కుర్చీ ఇవ్వాలి. డ్రా అయితే ఇద్దరూ కూర్చుని మళ్ళీ ఆడుకోవచ్చు.

ఈ ఊరి పిల్ల దయామి గెలిచేస్తోంది. అదే ఆమె ఏడుపు.

ఎదురుగా ఉన్నది గ్వాంతనామో కుర్రాడు లియోదాన్. ఏడాదికోసారి, ఈ పోటీల్లో తప్ప కనబడడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇక రాడు. మూడేళ్ళుగా అతనితో గుర్రాల గురించీ బంట్ల గురించీ తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు మహాతల్లి. ఇప్పుడు అతనికి మూలకి నక్కిన రాజు ఒక్కడే మిగిలాడు. ఈమెకి మంత్రి ఉంది, ఒక్క ఎత్తులో ఆట కట్టు. కట్టిందంటే అతను లేచిపోతాడు. ఇంకాసేపు ఎదురుగా కూర్చుంటే చాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

మంత్రిని ఒక గడి ఇవతలే పెట్టింది. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది!” అన్నాడు వరసలో ముందున్న ఎలిహియో, చక్కెర మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. “మా మనవరాలైనా కట్టేసేది కదే పిల్లా!”

“తొందర్లో చూసుకోలేదు తాతా.”

అందరూ నవ్వారు, లియోదాన్ తప్ప. అతను పావులు మళ్ళీ పేర్చాడు. ఈసారి తెల్లవి తనవి. రాజు ముందు బంటుని రెండు గళ్ళు జరిపాడో లేదో, బస్సు హారన్ మోగింది.

“ఒరేయ్, నీ కోసమే ఆగాం, రారా!”

అతను గడియారం నొక్కాడు. “నువ్వు చూసుకోకపోవడమేంటి?” అన్నాడు మెల్లగా. “ఎత్తు నీదే.” సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎలిహియో ఆ ఖాళీ కుర్చీ మీద చెయ్యేసి, మళ్ళీ తీసేశాడు.

“కూర్చో తాతా,” అన్నారెవరో వెనకనించి.

“ఎలా కూర్చుంటాన్రా? ఆ కుర్రాడు ఓడలేదుగా. కుర్చీ ఇంకా వాడిదే.”

దయామి గడియారం నడుస్తోంది. ఒక్క బంటు కదిపి నొక్కితే అతని నిమిషాలు కరగడం మొదలవుతుంది. అవి అయిపోతే ఓడినట్టే, కుర్చీ పోయినట్టే. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతను జరిపిన బంటునే చూస్తూ కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఐదు నిమిషాలకి, టైమైపోయిందని గడియారంలో ఆమె వైపు ఎర్ర జెండా పడింది.

ఓడినవాళ్ళు లేవాలి. లేచింది. తన కుర్చీ ఎలిహియోకి ఇచ్చింది.