బొట్లు పెట్టిన హార్మోనియం

మా అన్న సుదర్శన్ సంగీతం నేర్చుకున్నన్నాళ్లూ మా ఇంట్లో పాలు వాటంతటవే విరిగేవి. నమ్మకపోతే మీ ఇష్టం. మిర్యాలగూడలో మా రైసుమిల్లు వెనకే ఇల్లు. సాగర్ కాలువ నీళ్లు త్రిపురారం పొలాలకు కొత్తగా పారుతున్న రోజులవి, వడ్లు బండ్లకొద్దీ వచ్చి పడేవి. పగలంతా మిల్లు చప్పుడు, సాయంత్రమైతే అన్న చప్పుడు. కరెంటు పోతే మిల్లు ఆగేది. అన్న హార్మోనియం తిత్తి చేత్తో ఊదేవాడు కాబట్టి ఆ అదృష్టం కూడా లేదు.

అన్నకు ఉత్త సరిగమలు చాలవట. సినిమా పాటల వెనక మూడేసి స్వరాలు కలిపి మోగిస్తారే, ఆ కార్డులు కావాలట. ఒక కార్డు మీంచి ఇంకో కార్డుకు నడవడం వస్తే కోదాడ ఆర్కెస్ట్రాలో చేరొచ్చట. ఆర్కెస్ట్రా నడిపే ఫకీరా మాస్టారు దసరా నాడు మా ఇంటికే వచ్చి వింటానన్నాడు. నచ్చితే వెంట తీసుకుపోతాడు. నచ్చకపోతే ఆ రోజే మంచి ముహూర్తం చూసుకుని అన్న మిల్లు గల్లా మీద కూర్చోవాలి. ఇది మా నాయిన రామ్మూర్తి పెట్టిన షరతు. గల్లా దగ్గరికి కొత్త పరుపు కూడా కుట్టించేశాడు. కొడుకు మీద అంత నమ్మకం మరి.

నేర్పడానికి సూర్యాపేట నుంచి లింగస్వామి వచ్చేవాడు. నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. కార్డు అన్న మాట మా అన్న నోటనే మొదటిసారి విన్నాడని నా అనుమానం. అయితేనేం, గురువు గురువే. ఎవరినో అడిగి తెలుసుకుని, శిష్యుడి తెలివికి తగ్గ ఉపాయం కనిపెట్టాడు. హార్మోనియంలో స, గ, ప పలికే మెట్ల మీద కుంకుమ బొట్టు. మ, ద, స మీద పసుపు. ప, ని, రి మీద కాటుక. రెండు కార్డుల్లో పనిచేసే మెట్లకు రెండేసి బొట్లు. ఇక శాస్త్రమంతా ఒక్క ముక్కలో ఇమిడిపోయింది: ఎరుపు, పసుపు, నలుపు, మళ్లీ ఎరుపు. అన్నం తినేటప్పుడు కూడా అన్న అదే గొణుక్కునేవాడు. చెవులతో పని లేని సంగీతం మా ఇంట్లోనే పుట్టింది.

అది మొదలవగానే నాయిన తన గది తలుపులు మూసుకునేవాడు. గాడిదకేం తెలుసు గంధపు వాసన అని, మూసుకునే ముందు అందరికీ వినబడేలా అనేవాడు.

దసరా వచ్చింది. ఆ రోజు మా కోమటిళ్లలో పనిముట్టన్నదాన్ని దేన్నీ వదలరు. మిల్లు మిషన్లు, కాంటా, తూకపురాళ్లు, ఇనప్పెట్టె, అన్నిటినీ తుడిచి బొట్లు పెట్టాలి. మా అమ్మ కన్యకమ్మకు మామూలుగానే భక్తి ఎక్కువ. హార్మోనియం మూత తెరిచి చూసిందట. కొన్ని మెట్లకు బొట్టుంది, కొన్నిటికి లేదు, కొన్నిటికి దిష్టిచుక్క కూడా ఉంది. మగవాళ్లు చేసే పూజలు ఇంతే అనుకుంది. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా, తెల్ల మెట్లకూ నల్ల మెట్లకూ వరసగా పసుపు రాసి కుంకుమ పెట్టింది.

ఫకీరా మాస్టారు వచ్చాడు. లింగస్వామి శిష్యుడి పక్కన కూర్చుని మీసం సవరించుకున్నాడు. నాయిన వాకిట్లో కుర్చీ వేయించుకుని, వినే ఉద్దేశం లేదని తెలిసేలా వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. అన్న మూత తీశాడు.

అన్న ముఖం చూసి నాకు నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. మెట్లన్నీ పేరంటానికొచ్చిన ముత్తైదువల్లా ఒకే తీరుగా ఉన్నాయి. అన్న ఒకసారి అమ్మ వైపు చూశాడు. పూజ బాగా చేశాను కదా అన్నట్టు అమ్మ తలూపింది. అన్న ఆమెను ఒక్క మాట అనలేదు. నేను వాణ్ణి ఎన్ని అన్నా, ఆ గుణానికి వాడంటే నాకు ప్రాణం. నవ్వు ఆగిపోయింది, భయం పట్టుకుంది.

అన్న నొక్కాడు. మిల్లులో బెల్టు తెగిన చప్పుడైంది. ఇంకోటి నొక్కాడు, అది మరీ ఘోరం. లింగస్వామి సూర్యాపేట బస్సు ఎన్నింటికని నన్నడిగాడు. ఫకీరా మాస్టారు లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"అది కాదురా," అన్నాడు నాయిన, వీధి వైపే చూస్తూ. "నడిమిది తప్పు. జర కిందికి రా."

అన్న వేలు కదిపాడు. మూడు స్వరాలూ కలిసి ఇల్లంతా నిండాయి.

"ఆఁ, గదే. ఇగ రెండోది పట్టు."

రెండోది దొరకలేదు. నాయినకు ఓపిక నశించింది. తనే సన్నగా గొంతెత్తి ఆ స్వరం అందించాడు. ఇన్నాళ్లూ తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తున్నాడో మాకు అప్పుడు తెలిసింది. అన్న కళ్లు మూసుకున్నాడు. నాయిన గొంతు పట్టుకుని, తప్పులు నొక్కుతూ, దిద్దుకుంటూ, రెండోదీ మూడోదీ పట్టాడు. మళ్లీ మొదటిదానికి తిరిగొచ్చాడు.

ఫకీరా మాస్టారు వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "వేళ్లు ఇంకా తిరగట్లేదండీ. కానీ విని పట్టుకుంటున్నాడు. నాతో పంపండి, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

నాయిన అప్పుడు ఇటు తిరిగాడు. తనేం చేశాడో అప్పుడే తెలిసినట్టుంది. కొడుకు గల్లా మీద కూర్చోవాలంటే ఈయన నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇంత చిన్న పని చేతకాలేదు మహానుభావుడికి. అయినా మాట తప్పలేదు. అన్నం తిని పొమ్మన్నాడు.

మధ్యాహ్నం బస్సుకు అన్న కోదాడ వెళ్లిపోయాడు. బస్సుదాకా హార్మోనియం మోసింది లింగస్వామే. ఇంత గొప్ప శిష్యుణ్ణి తయారుచేసింది తనేనని దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాడట.

పండుగ కాబట్టి మిల్లు బంద్. సాయంత్రం నాయిన ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉంటే ఛాయ్ తీసుకుపోయాను. నోరు ఊరుకోదు కదా, ఇప్పుడు చెవులకు సుఖంగా ఉందా అని అడిగాను.

"సుఖమే బిడ్డా," అన్నాడు. ఛాయ్ అందుకోలేదు. "పొద్దుగూకింది గదా. వాడు వాయించే యాళ్లయింది."